వాల్వు తాళం

తెల్లారి నాలుగున్నరకి
నా బుజాన ఉండేది రెండు మూరల ఇనుప తాళం.
గవర్మెంటు అంటే నాకు అదే.

మొదట ఊరికి, ముప్పావు గంట.
తర్వాత గొల్లపల్లెకి.
కడాన అరుంధతివాడకి, ట్యాంకులో మిగిలితే.
ఈ వరస ఏ తీర్మానం పుస్తకంలోనూ లేదు.
మా నాయన నీరుగంటి.
చెరువు తూము ఎట్ల తెరవాలో
ఆయనకి ఎవురూ చెప్పనట్టే
నాకూ ఎవురూ చెప్పలా.
చెయ్యి తిరిగే పక్కకి తిరిగింది, అంతే.

పోయినసారి సీటు రిజర్వేషనుకి వచ్చింది.
దేశమ్మ సర్పంచి అయింది,
టమోటా మండీలో బాక్సులు మోసిన మనిషి.
మొదటి మీటింగుకి ముగ్గురే మెంబర్లు.
కోరం లేదని సెక్రెటరీ పుస్తకం మూసేసినాడు.
ఆమె ఆ మూసిన పుస్తకం ముందర
పొద్దు గూకేదాకా కూర్చునింది,
ఫ్యాను కింద కాదు,
వీధిలో పొయ్యేవాళ్ళకి కనపడే చోట.

మార్చిలో మోటారు కాలింది.
పలమనేరులో రీవైండింగు పదకొండు వేలు.
పద్దులో డబ్బు ఉండాది.
చెక్కు మీద రెండు సంతకాలు కావల్ల.
ఉపసర్పంచి గోవిందస్వామి నాయుడికి
పదైదు దినాలు పెన్ను దొరకలా.

ఎంపీడీవో, డీపీవోని అడగమన్నాడు.
డీపీవో ఆఫీసులో సోమవారం రమ్మన్నారు.
సోమవారం చిత్తూరులో టోకెను రెండొందల పద్నాలుగు.
కాగితం నడిచి కొండెక్కి దిగినంత దూరం తిరిగి
బయల్దేరిన బల్ల మీదికే వచ్చి పడింది,
'తగు చర్య నిమిత్తం' అని.

ఆ రాత్రి దేశమ్మ మా ఇంటికొచ్చింది.
గడప దాటి లోపలికి రాలా.
రమ్మని నేనూ అనలా.
"పాత బోరు ఎంత ఎక్కిస్తా ఉండాది?"
"అర ట్యాంకు."
"అయితే రేపు కడా నుంచి తిప్పు.
రాసుకో, సంతకం పెడతా."
బీడీకట్ట కాగితం మీద
ఒత్తి ఒత్తి పేరు పెట్టింది, మూడే అక్షరాలు.
దేశం అందులోనే ఉండాది.

నాలుగున్నర.
ముప్పై ఏండ్లు ఒక పక్కకే అలవాటైన చెయ్యి
రెండో పక్కకి రానంది.
తుప్పు వాల్వులోనో నా మోచేతిలోనో.
తిరిగింది.
వాడలో కుళాయి దగ్గింది, ఎర్రనీళ్ళు కక్కింది,
తర్వాత తేటనీళ్ళు.
కింద బిందె పెట్టను ఎవురూ లేరు.
ఆ పొద్దుకే వస్తాయని వాళ్ళకేం తెలుసు!

తొమ్మిదికి నాయుడి ఇంట్లో కుళాయి ఎండింది.
పదికి ఆయనకి పెన్ను దొరికింది.

మోటారొచ్చింది. వరస సంగతి మాత్రం
ఎజెండాలో ఇంకా ఎక్కలా.
బీడీ కాగితం నా చొక్కా జోబులో
చెమటకి అలుక్కుపోతా ఉండాది.