కోటలో కళ్ళం

పదకొండు రోజులు నీటి మీద గడిచాక
బందా రేవులో మెట్టు దిగితే
దీవి మెల్లగా ఎడమ పక్కకి ఒరిగింది.
నేలదేం తప్పు లేదు, కాళ్ళింకా పడవలోనే ఉన్నాయి.

మా పడవకిది నాలుగో కోట.
మళ్ళీ అవే ఫిరంగులు, నోట్లో వాననీళ్ళు,
అదే టికెట్ల బల్ల, అదే రంగు వెలిసిన గొడుగు.
డెక్కు మీద చీట్లాడే ముసలి జంట
లెక్క రాసుకునే పుస్తకంలో
దీనికీ ఒక టిక్కు పెట్టారు.

లోపల కుర్రాళ్ళ ఫుట్‌బాల్.
గోలుకి ఇటు ఫిరంగి,
అటు ఎవరివో రెండు చెప్పులు.

దారి చూపే ఉస్మిన్ ఏడాదులూ అంకెలూ చెప్పడు.
పండొకటి చీల్చి అరచేతిలో పెట్టాడు:
నల్లటి గింజ, దాన్ని పట్టుకుని వదలని ఎర్రటి జాపత్రి.
"ఇంతే. దీని కోసమే."
చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

ఊరి చివర బావి దగ్గర మాత్రం టోపీ తీశాడు.
గోడ మీద పేర్లు.
ఫోన్ జేబులోంచి తియ్యలేదు నేను,
గొప్పకి కాదు, చెయ్యి రాలేదు.

చంటిపిల్ల ఏడుపు ఆపడానికి
సాన మీద అరగదీసి నాలిక్కి రాసే జాజికాయ
ఏ చెట్టుదో, ఆ చెట్టు కింద ఎవరు పడ్డారో
మా వంటింట్లో ఎవరూ అడగలేదు.
డబ్బాలో ఉండేది. అంతే.

తిరుగు దారిలో మళ్ళీ కోటలోకి వెళ్తే
వా సమ్రీ చాప పరిచి జాపత్రి ఎండబెడుతోంది.
"కాలు చూసుకో, తొక్కుతావ్.
ఎందుకు కట్టారో గానీ రాయి మంచిది,
పొద్దున ఎనిమిదికే వేడెక్కుతుంది,
వానొస్తే నీరు నిలవదు.
మా అత్త ఇక్కడే ఎండబెట్టేది."

గుప్పెడు కాయలకి ధర చెప్పింది.
అలవాటు కొద్దీ సగానికి అడగబోయి
నాలుక కరుచుకున్నాను.
ఈ రాళ్ళ మీదా బేరం?

ఆమె నవ్వింది, ముందు పళ్ళు రెండు లేవు.
"అడుగమ్మా. బేరం లేకపోతే
పొద్దెలా పోతుంది నాకు?"

అడిగాను.
ఒక్క పైసా తగ్గించలేదు.

రాత్రి పడవ కదిలాక
బంకు మీద నిద్ర పట్టలేదు.
కాగితం పొట్లంలో కాయలు
అలకొకసారి
దొర్లుతున్నాయి.