ఇంకో ఉప్పు

కొత్తపేట ల్యాబులో కుర్రాడు
నా మోచేతి మడతలో నరం వెతుకుతున్నాడు.
రక్తంలో ఉప్పెంతుందో చూడాలి.
"తినే ఉప్పు కాదమ్మా, ఇది వేరే" అంటాడు.
పదకొండేళ్ళుగా ఇస్తున్నాను రక్తం.
తెలీనట్టే తలూపుతాను.

మా మేనత్త శేషారత్నానికీ ఉప్పుతోనే మొదలుపెట్టారు.
నాలుగు రాత్రులు నిద్రపోకుండా
బావి అడుగంటేదాకా నీళ్ళు తోడి
ఊళ్ళో అందరి గడపలూ కడిగిందట.
గుప్పెడు కల్లుప్పు, ఏడు ఎండుమిరపకాయలు
తలచుట్టూ తిప్పి నిప్పుల్లో వేశారు.
ఘాటు రాలేదు, గాలి గట్టిగానే సోకిందన్నారు.
తలుపులు మూసి, ఘాటు వచ్చేదాకా వేశారు.
ఆ ఏడు మిర్చికి మంచి ధర.
అయినా బస్తా విప్పి దోసిళ్ళతో తీశారు.
అంత ప్రేమ.

తర్వాత గుంటూరు. నరాల బలహీనతన్నారు, కరెంటు పెట్టారు,
అప్పట్లో మత్తు కూడా ఇవ్వకుండా.
గాలి పోయింది,
గాలితోపాటు మా నాన్న పేరూ పోయింది.
కొన్నాళ్ళకి
రెండూ తిరిగొచ్చాయి.

నాకొచ్చింది యార్డులో, మండు వేసవిలో.
కమీషన్ కొట్లో లెక్కలు రాసేదాన్ని.
వచ్చిన ప్రతి రైతుకీ
'మీ బాకీ చెల్లు' అని చీటీ రాసిచ్చాను.
సంతకం, తేదీ, ముద్ర.
ఏటుకూరు ఆయనొకడు
ఆ చీటీ ఇప్పటికీ పర్సులో పెట్టుకున్నాడట.

డాక్టరమ్మ మెదడు బొమ్మ గీసి
రసాయనాలు తగ్గాయంది, పెరిగాయంది.
ఆరేళ్ళ తర్వాత ఆవిడే,
"ఆ బొమ్మ అంత సరైంది కాదండీ.
ఈ బిళ్ళ మీకు పనిచేస్తోంది,
ఎందుకో మాకింకా పూర్తిగా తెలీదు."

ఆ మాటకి ఎందుకో ధైర్యం వచ్చింది.
వేపమండల వాడికి తెలుసు.
జాతకం చూసినాయనకి అంతా తెలుసు.
కరెంటు పెట్టినాయనకి మరీ తెలుసు.
మా అత్తతో ఒక్కరూ
తెలీదని అనలేదు.

దూది నొక్కిపట్టి ఇంటికొస్తే
అమ్మ గుమ్మంలోనే ఆపి ఉప్పు తిప్పుతుంది.
వద్దనను.
ఆవిడ చెయ్యి వణుకుతుంది, వయసు.
నా చెయ్యి వణుకుతుంది, బిళ్ళ.
నిప్పుల్లో మాత్రం వెయ్యనివ్వను.
గ్లాసుడు నీళ్ళలో వేస్తుంది.
ఇద్దరం చూస్తూ నిలబడతాం.
కల్లుప్పు కదా,
కరగడానికి కాసేపు పడుతుంది.