చింతగింజల బాకీ

ఎంజీఎం ఆసుపత్రిల బల్ల మీద కూసున్నడు
నా తమ్ముడు మొగిలి.
వాని ఫోను నా సంచిల ఉన్నది.
అయినా బొటనవేలు ఊకుంట లేదు,
గాలిల ముక్కలు జరుపుతనే ఉన్నది.

"ఆట ఎప్పుడు మొదలైంది?" డాక్టరమ్మ అడిగింది.
"మూడేండ్లాయె మేడం. ఎనుమాముల మార్కెట్ల చిట్టీలు రాస్త.
కాంటా ఆగినప్పుడు, ఊకె, టైంపాసుకు..."
పదకొండు లక్షలని చెప్పలే.
ఓ నెక్కొండ రైతు మిర్చి పైసలు సుత
అండ్లనే పోయినయని నేనే చెప్పిన.

మూడేండ్లు కాదు మేడం.
ఆ మాట మాత్రం గొంతు దాటలే.

మిల్లు మూతబడ్డ యేడు
వానికి ఏడు, నాకు తొమ్మిది.
కొత్తవాడ రేకుల ఇంట్ల, బియ్యం డ్రమ్ము ఎనక ఇద్దరం.
మాపటికి గల్లీల సైకిలు గొలుసు చప్పుడు ఇనవడంగనే
గుప్పిట్లకు చింతగింజలొచ్చేటివి.
స్టాండు పడ్డదా, బజ్జీల పొట్లం.
సైకిలే పడ్డదా, బెల్టు.
నేను బెల్టు మీద కాసేదాన్ని.
వాడు ఎన్నడన్న సరే, బజ్జీల మీదనే.

వారంల అయిదొద్దులు నేనే గెలిచేదాన్ని.
అమ్మ నోట్ల కొంగు కుక్కుకుంటుంటె
వాని గింజలు నా దిక్కు జరుపుకునేదాన్ని.
"రేపు సూడక్కా, రేపు పక్కా నవ్వుకుంట వస్తడు"
వీపు మీద వాతలు ఇంక ఎర్రగనే ఉండేటివి.

ఒక్కపారి వచ్చిండు, నవ్వుకుంటనే.
వాన్ని బుజాల మీద ఎక్కిచ్చుకొని
స్టేషన్ రోడ్డుకు తీస్కపోయి గోలీసోడ తాపిచ్చిండు.
ఆ ఒక్క సోడ కోసం
తర్వాత ఎన్ని రాత్రులు ఓడిండో
నా దగ్గర లెక్క ఉన్నది.

నేను ఇప్పటికీ చెడు మీదనే కాస్త.
సంబంధం వచ్చినా, బస్సు లేటయినా,
పక్కింట్ల గిన్నె కిందపడ్డా.
దాన్ని ఎవ్వరు ఆట అనరు,
నన్నెవ్వరు ఈ బల్ల మీద కూసోవెట్టరు.

గోలీలు రాసి, బేస్తారం మల్ల రమ్మన్నది.
నర్సంపేట బస్సుల కిటికీ కాడ కూసొని అడిగిండు:
"బేస్తారం వస్తనంటవా అక్కా, రానంటవా?"
అదే నవ్వు. డ్రమ్ము ఎనకటిది.
రావని నాలిక చివరిదాకా వచ్చింది.
ఏం కాయలే.

కండక్టరు నాకు జీరో టికెటు కొట్టి
వాని దిక్కు చెయ్యి చాపిండు.
వాడు జేబులు తడుముకుంటుండు.