పదిహేడో నంబరు బొట్టు

ఆదివారం కూడా రావాలి దీనికోసం.
కొత్తపేటలో షట్టర్లన్నీ దించి ఉంటాయి,
మూడో అంతస్తు తాళం నా దగ్గరే.
మెట్ల మీద ఎవరో టీ గ్లాసు వదిలేసి పోతారు,
ప్రతిసారీ నేనే తీస్తాను, ఎవరిదో ఇంతవరకూ తెలీదు.

బయట గుంటూరు నలభై అయిదు.
లోపల పెట్టెలో ముప్ఫై ఏడు, ఒంటి వేడంత.
ఒక్క గీత ఎక్కువైనా ఒప్పుకోదు.

ఆవగింజలో సగం కూడా ఉండదు.
మిర్చి యార్డులో టిక్కీలు మోసే యలమంద
పెద్దపేగు నుంచి గిల్లి తెచ్చిన చిటికెడు కండని
విడగొట్టి, కడిగి, జిగురులో కలిపి
బొట్లు బొట్లుగా పెట్టింది నేనే.
ఆ జిగురుది నెయ్యికి ఎదురు గుణం:
మంచులో పెడితే కారుతుంది,
వెచ్చబడితే పేరుకుంటుంది.
మొదటి నెల చేతులు వణికి
ఎన్ని బొట్లు గొట్టంలోనే గడ్డకట్టించానో
ఫాతిమున్నీసా మేడం దగ్గర లెక్కుంది.

ఇదివరకు పళ్ళెం అడుగున పరిచేవాళ్ళం కణాల్ని,
కళ్ళంలో మిరపకాయలు ఆరబోసినట్టు
ఒకదాని మీద ఒకటి పడకుండా.
బతికేవి. పెరిగేవి.
ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం మరిచిపోయేవి.
ఇప్పుడు నాలుగు వైపులా పట్టు దొరికిందో లేదో
ముడుచుకుని, గుండ్రమై, నడుమ కాస్త ఖాళీ ఉంచుకుని
అయిదో రోజుకి మొగ్గలు తొడిగింది,
వంకరటింకరగా. రోగపు పేగు కదా,
రోగంతో సహా గుర్తుంది దానికి.

అయినా నెత్తురు కాలువ లేని ఊరిది.
పెరిగేకొద్దీ మధ్యలో నల్లబడుతుంది
నీరందని శివారు పొలంలా.
అందుకే పెద్దదవకముందే విరిచి
కొత్త బొట్లలో నాటాలి.
నాటాలి అంటే మేడం నవ్వుతారు.
దుగ్గిరాల పొలాల్లో పెరిగినదాన్ని,
ఇంకేం మాటొస్తుంది నాకు?

గురువారం నాలుగు మందులు పోశాం.
రెండింటికి చలించలేదు.
ఒకదానికి కుంగినట్టే కుంగి మర్నాటికి లేచింది.
నాలుగోదానికి అంచు చెదిరి
పొడిపొడిగా రాలింది, చెమ్మ పట్టిన సున్నం గోడలా.
చప్పట్లు కొట్టబోయి ఆగాను.
"బొట్టు ఒప్పుకున్నంత మాత్రాన
మనిషి ఒళ్ళు ఒప్పుకోవాలనేం లేదు.
అదీ రాయి రిపోర్టులో" అన్నారు మేడం.
ఆ ఒక్క వాక్యం అయిదుసార్లు కొట్టేసి రాశాను.

సోమవారం యలమంద వచ్చాడు.
భుజాన తువ్వాలు, చొక్కాలోంచి మిరప ఘాటు,
ఏసీ గదిలో అందరం వరసగా తుమ్మాం.
చూపించకూడదని రూలు లేదు, చూపించాలనీ లేదు.
తెర మీదికి తెచ్చాను.
చాలాసేపు చూశాడు.
"ఇంతేనా?
దీనికా నేను రాత్రుళ్ళు లేచి కూర్చుంది?"
కాసేపాగి, "ఏం తింటుంది?"
చక్కెర, ఉప్పులు కలిపిన గులాబీరంగు నీళ్ళు,
రెండు రోజులకోసారి, అన్నాను.
సీసా ఎంతని అడిగాడు. చెప్పకుండా ఉండాల్సింది.
"నా రెండు నెలల కూలీ
కూర్చుని తాగేస్తోందమ్మా!" అని నవ్వాడు,
నవ్వుతూనే పొట్ట పట్టుకున్నాడు.

కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేదాకా పదకొండు సెకన్లు,
ఎప్పుడూ వేళ్ళ మీద లెక్కపెడతాను.
ఈసారి ఆరు దగ్గర తప్పాను.
కిటికీలేని ఆ గది చీకట్లో
తడుముకుంటూ వెళ్ళాడు యలమంద.
పెట్టె స్టీలు తలుపుకి
చేతి వెనకవైపు ఆనించి నిలబడ్డాడు,
పసిదాని నుదురు చూసినట్టు.

"జ్వరమేం లేదులే" అన్నాడు.