తొమ్మిదంగుళాలు

రాత్రి రెండుంబావుకి
బెజవాడ బస్టాండులో నా పని
ఒక స్తంభాన్ని చదవడం.

నడుమెత్తున దానికో గీరుడు గాయం.
గోటితో గిల్లితే రంగు పొరలు పొరలుగా ఊడొస్తుంది.
పైన ఎరుపు, కింద ఆకుపచ్చ,
ఇంకా కింద ఏ డిపో బస్సుదో తెలియని పాత నీలం.
మలుపు తిరిగిన బస్సులన్నీ ఇక్కడ
సంతకం రాని సాక్షుల్లా
వేలిముద్ర వేసి వెళ్లాయి.

డ్రాయింగులో ఈ స్తంభం తప్పేమీ చెయ్యలేదు.
బస్సు పొడుగింత, తిరిగే వాలింత,
వెనక చక్రం ముందు చక్రం దారిన పోదు కనుక
వదలాల్సిన జాగా ఇంత.
అన్నీ వేసే ఉంచారు పెద్దలు,
పెన్సిలు ముక్కు సన్నగా చెక్కి.
కాకపోతే వాళ్ల కాగితం మీద బస్సు ఖాళీది,
వాన లేదు,
టాపు మీద రేపల్లె చేపల బుట్టల్లేవు,
డ్రైవరు కంటినిండా నిద్రపోయి లేచినవాడు.

"నువ్వు గీసింది పగలమ్మా,
మేం తిప్పేది రాత్రి" అన్నాడు షేక్ సుభానీ,
మాచర్ల సర్వీసు అద్దం తుడుస్తూ.
గీసింది నేను కాదు.
నేను పుట్టకముందు గీసిన గీత అది.
అయినా సంజాయిషీ నా పేరుతోనే వెళ్తుంది.

టేపు పరిచి కొలిచాను.
కావలసినదానికీ ఉన్నదానికీ మధ్య
తొమ్మిదంగుళాలు.
నా జానెడు.

స్తంభం జరపొచ్చు కదా అంటారు, ఏసీ గదిలో.
దాని కింద పాత మురుగు తూము.
దాని నెత్తిన కప్పు మొత్తం.
ఎనభై రోజులు ఈ వరస మూసేస్తే
ఈ బస్సులన్నీ ఎక్కడ ఆగాలి, బందరు కాలవలోనా?
ఉడుకుతున్న ఎసరు దించకుండా
పొయ్యి మార్చే పని ఇది.

వానొస్తే ఇంకో కథ.
రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు,
టెండరుకో పొర పెరిగి పెరిగి
ఒకప్పటి గట్టు ఇప్పటి గొయ్యి అయింది.
ప్రయాణికులు చెప్పులు చేత్తో పట్టుకుని
ప్లాట్‌ఫారంలోకి దిగుతారు.
నీరు పల్లమెరుగు, నిజమే.
ఆ పల్లం ఎక్కడుందో
ఒక్క ఫైలూ ఎరగదు.

జనాన్ని లెక్కపెట్టమని మిషనిచ్చారు నాకు.
మనిషికో నొక్కు.
చంకన పిల్ల ఉంటే ఒకటా రెండా అని అడిగితే
సర్క్యులర్ చూడమన్నారు.
బాణం గుర్తులు ఒకవైపు చూపిస్తాయి,
మనుషులు ఇంకోవైపు పోతారు.
నేను నొక్కుతూనే ఉన్నాను.

"అంత అవస్థ దేనికమ్మా" అంది బొంతు మార్తమ్మ,
చీపురు భుజానికి ఆనించి.
"ఎవురెటు నడుస్తారో నా చెత్త చెప్పుద్ది.
మీరు కమ్మీలు కట్టిన కాడే టికెట్టు ముక్కలు ఎక్కువ.
దూరి పోతారు.
మీరు దారి అని రాసిన కాడ
ఉత్త దుమ్ము."
ఇరవై రెండేళ్ల సర్వే అది.
ఏ నివేదికలోనూ ఒక్క పేజీ లేదు.

మూడు దాటాక సుద్దముక్కతో
నేల మీద ఒక వంపు గీశాను.
స్తంభానికి దూరంగా,
రెండు మూరలు అవతలికి పోయి అప్పుడు తిరిగేటట్టు.
సుభానీ నన్ను చూశాడు, గీతని చూశాడు,
"ఒకసారి చూద్దాం" అని స్టీరింగు ఎక్కాడు.
కండక్టరు బస్సు పక్కని చేత్తో కొడుతూ
రానీ, రానీ, రానీ.
వెనక చక్రం గీత మీదే వచ్చింది.
స్తంభానికీ రేకుకీ మధ్య
నా అరచెయ్యి పట్టింది.

ఆ వెనకే వచ్చిన నర్సరావుపేట బండికి
గీత సంగతి తెలియదు.
చర్‌మని చప్పుడు.
కాస్త ఎరుపు, కొత్తది, ఇంకా వెచ్చగా.
తారీఖు వేసుకున్నాను.

మైకులో ఎవరో నిద్రగొంతుతో
మచిలీపట్నం, మచిలీపట్నం అంటున్నారు.
మార్తమ్మ ఊడ్చుకుంటూ సుద్దగీత దాకా వచ్చింది.
ఆగింది.
చీపురు పైకెత్తి
గీత అవతల దించింది.