తేలని వాటి సొరుగు

హెబ్బాళలో మా ల్యాబు వెనకగదికి కిటికీ లేదు.
అందులో నేనూ, ఆల్కహాల్ వాసనా,
వేలెడు సీసాల్లో రాతియీగలూ.

రాతియీగ అన్నది నేను పెట్టుకున్న పేరు.
మా మదనపల్లెలో దీన్ని ఎవరూ ఏమీ అనరు.
ఏడాదంతా పారే నీళ్ళు మాకెక్కడివి, పిలవడానికి?

కీ చదవడం ముక్తాంబ మేడమ్ నేర్పింది.
ప్రతి ప్రశ్నకూ రెండే జవాబులు, మూడోది ఉండదు.
ఛాతీ కింద మొప్పల కుచ్చుల ఆనవాళ్ళున్నాయా?
ఉంటే నాలుగుకి పో.
నెత్తి మీద చుక్కకళ్ళు మూడా, రెండా?
రెండే, అవీ దగ్గర దగ్గరగా ఉంటే
నియోపెర్లా.
మనకు లాగే వీటికీ
ఇంటిపేరే ముందు.

పేచీ అంతా అసలు పేరుతోనే.
అది మగదాని తోక కొసన, ఒక ముల్లు వంపులో ఉంటుంది.
ఆడది ఒక్కతే వలలో పడిందా, ఇక తేలదు.
అడుగు సొరుగు నిండా అవే.
"నియోపెర్లా. ఆడ, ఒకటి. వాగు ఒడ్డు, దీపం దగ్గర.
జాతి తెలియదు."

పోయిన నెల నాగరభావిలో ఇల్లు చూడ్డానికి వెళ్ళాను.
ఓనరమ్మ గేటు తీయకుండానే మొదలెట్టింది.
తెలుగువాళ్ళా? వెజ్జా? గుడ్డు కూడా తినరా?
ఇంటిపేరు చెబితే
అందులో తనక్కావలసింది కాసేపు వెతుక్కుంది.
"మీ వారెప్పుడొస్తారు?"
రారు అన్నాను.
తాళంచెవి ఆమె నైటీ జేబులోనే గలగలమంది.

తిరిగొచ్చే బస్సు వృషభావతి దాటుతుంటే
అందరం ముక్కులు మూసుకున్నాం.
కింద తెల్లటి నురుగు, పైన ఎవరిదో చెప్పు.
రాతియీగ ఇక్కడ ఒక్క పూట బతకదు.
దానికి కుటుంబాలూ ప్రజాతులూ తెలీవు.
దానికున్నవి రెండే రకాలు:
ఊపిరాడే నీళ్ళు, ఆడని నీళ్ళు.
బెంగళూరంతా దాని లెక్కలో ఒకటే సొరుగు.

ఇవాళ పాలాక్ష చిక్కమగళూరు కొండల నుంచి
ఇరవై సీసాలు మోసుకొచ్చాడు, కాళ్ళకి జలగ కాట్లతో.
పదకొండోదాంట్లో ఆడది. ఒక్కతే.
కింది సొరుగు లాగబోతుంటే మేడమ్ ఆపింది.
"కడుపులో గుడ్లున్నాయేమో చూడు.
ఒక్కోసారి అవీ చెబుతాయి."

ఉన్నాయి.
ఇసుకరేణువంత గుడ్డు, దాని మీద
ఎవరో ఓపిగ్గా తిప్పినట్టు మెలిగీతలు.
లెక్కపెట్టాను, పదిహేడు.
కన్ను తుడుచుకుని మళ్ళీ లెక్కపెడితే పద్దెనిమిది.

చీటీ మీద పెన్సిల్‌తో
రెండూ రాశాను.