కర్త అనే గడి

ట్రంకు పెట్టె తాళంచెవి దొరకలేదు.
ల్యాబు అటెండరు గుర్నాథం వచ్చి
స్క్రూడ్రైవరుతో గెడ ఊడదీశాడు.
ముందు కలరా ఉండల వాసన,
ఆ వెనకే ఏటినీటి వాసన.

నా పని చిన్నదే.
కాయితానికో కార్డు రాయాలి:
తేదీ, వివరం, పుటలు, కర్త.
రోజుకి మూడొందల యాభై, పొద్దుగూకే ముందు ఒక టీ.

"రెవరెండ్ పొలమూరి జీవరత్నం గారి సొంత కాయితాలు"
అని పెట్టె మీద చీటీ.
నర్సాపురం కాలేజీకి పందొమ్మిదేళ్ళు ప్రిన్సిపాలు,
ఆదివారాలు రేవు పక్క గుళ్ళో అయ్యగారు.
ప్రసంగాలన్నీ సప్లిమెంటరీ జవాబు పత్రాల వెనక రాసుకున్నారు.
ఇటు నీకొదేము చీకట్లో ప్రశ్నలడుగుతుంటాడు,
అటు ఎవడో కుర్రాడు
కప్ప గుండెకి మూడు గదులని రాసి
రెండే గీస్తాడు.

కమిటీ మినిట్సు నకలు:
"ఫీజు బకాయిల విషయమై అధ్యక్షులవారు ప్రశ్నించగా
ప్రిన్సిపాలు వారు మౌనము వహించిరి."
అదే తేదీన అమ్మగారి పాల పుస్తకంలో:
"లీటరున్నర. ఈయన అన్నం ముట్టలేదు.
మజ్జిగలో ఉప్పెక్కువైందన్నారు. ఎక్కువ కాలేదు."

రాజీనామాకి మూడు చిత్తుప్రతులు.
మొదటిది నాలుగు పుటలు, కోపం.
రెండోది ఒక్క పుట, ఏడుపు.
మూడోదాంట్లో "రాజీనామా" మీద అడ్డగీత,
పైన వేరే సిరాతో "మూడు రోజుల సెలవు".
కారణం: పంటి నొప్పి.

ఆ వేరే సిరాని అప్పుడు గుర్తుపట్టాను.
ప్రతి మాట చివరా చిన్న మెలిక.
లేసు అల్లిన చెయ్యి,
ముడి పడితే గాని వదలదు.
వెనక్కి తిరగేస్తే
యూనివర్సిటీకి రాసిన ఉత్తరంలో మెలిక,
వార్షిక నివేదికలో మెలిక,
అందరూ ఇప్పటికీ చెప్పుకునే ఆ వీడ్కోలు ఉపన్యాసంలో
పుటపుటకీ మెలిక,
కింద మాత్రం ఆయన సంతకం, నిటారుగా.

ఎనభై ఆరు వరద కాయితాలు అట్టకట్టాయి.
బ్లేడుతో విడదీశాను.
"ఇంటరు రెండో ఏడు గది: ముప్ఫై ఒక్కరు, ఒక బాలింత, రెండు మేకలు.
బియ్యానికి కెమిస్ట్రీ త్రాసే గతి.
తూకానికి రెండొందల గ్రాములు. తెల్లారిపోయింది.
పుట్టినది ఆడపిల్ల, బెంచీ మీద."
మీరనుకుంటున్నది కాదు, ఆ పిల్లని నేను కాను.
నేను ఆరేళ్ళ తరవాత పుట్టాను, ఆసుపత్రిలో,
ఏటికి అవతల.

ఇంకో చీటీలో వరసగా హాస్టలు పిల్లల నంబర్లు.
"పన్నెండు – పరీక్ష ఫీజు, లేసు డబ్బులోంచి.
ముప్ఫై – అదే. ఈయనకి చెప్పొద్దు.
నలభై ఏడు – గొడుగు."
గొడుగు ఇచ్చిందో, తెచ్చుకుందో,
నలభై ఏడు ఎవరో, ఎక్కడా లేదు.

"కర్త గడిలో ఏం రాయమంటారు?" అనడిగాను.
"అయ్యగారి పేరే. బ్రాకెట్లో సతీమణి అని పెట్టు"
అన్నారు లైబ్రేరియను గారు, ఫోనులోంచి తలెత్తకుండా.

ఎనిమిదిలో మా తెలుగు మాస్టారు చెప్పేవారు,
మన భాషలో కర్త లేకపోయినా వాక్యం నడుస్తుందని.
వచ్చాను, వండాను, రాశాను.
ఎవరని అడగక్కర్లేదు,
క్రియ తోకలోనే మనిషి ఉంటుంది.
ఆ పాల పుస్తకం నిండా తోకలే.
"ఉత్తరం తిరగరాశాను. ఈయన చేత సంతకం పెట్టించాను.
రెండు మూరల లేసయ్యింది."

పంటు ఆఖరి ట్రిప్పు ఆరున్నరకి.
ఇవాళ నూట నాలుగు కార్డులు,
అరవై రెండింటి మీద పొలమూరి యునీకమ్మ,
పెన్నుతోనే.
గొడుగు కార్డు ఒక్కటీ జేబులో పెట్టుకున్నాను.
వివరం గడి
ఇంకా ఖాళీ.